లెక్క తప్పని సపోటా

తెల్లారి అయిదున్నరకి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. ఆ వేళకి బతూల్ స్టీలు గిన్నె పట్టుకుని మేడ మీదికి వస్తుంది. నీలం డ్రమ్ములో ఉన్న సపోటా చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతుంది. ఆ పూటకి పండినవాటిని కోసి గిన్నెలో వేసుకుంటుంది. కోయడమంటే పెద్ద పనేం కాదు, వేలు తగిలితే చాలు ఊడి వస్తాయి.

"ఏక్, దో, తీన్, చార్..." అని పైకే లెక్కపెడుతుంది.

నాలుగు పండితే ఆ రోజు ఇంటికి నలుగురు వస్తారు. ఏడు పండితే ఏడుగురు. ఆ లెక్కన ఆమె కిందికెళ్లి బియ్యం కొలుస్తుంది. చెట్టు కాపుకొచ్చిన ఏడాది నుంచీ ఇదే వరస. గుమ్మం దగ్గరే నిలబడి పోయే గ్యాస్ సిలిండర్ అతను లెక్కలోకి రాడు. లోపలికొచ్చి, కూర్చుని, కనీసం మంచినీళ్లు తాగి వెళ్లేవాళ్లే లెక్క. చంటిపిల్లల్ని కలుపుతుందా లేదా అన్న దాని మీద మాత్రం సందులో రెండు అభిప్రాయాలున్నాయి. ఇస్త్రీ బండి విజయేందర్ కలపదంటాడు. బతూల్ భర్త సాబిర్, పళ్లొచ్చిన పిల్లల్ని కలుపుతుందంటాడు. అంతకు మించి ఆ చెట్టు గురించి ఎవరూ ఏమీ అనుకోరు.

పక్క మేడ మీద, ఛాతీ ఎత్తు పిట్టగోడకి ఇవతల, హైమవతి తన మొక్కలకి నీళ్లు పెడుతూ ఉంటుంది. ఆవిడకి ఆ లెక్క వినపడుతుంది. వినకూడదనే అనుకుంటుంది గానీ చెవులకి తలుపులుండవు కదా. "పాంచ్" దాటిందంటే చాలు, నీళ్ల పైపుని ఎవరిదో పీకలా పట్టుకుంటుంది.

హైమవతి మొక్కల సంగతి తెలియని మనిషి కాదు. కడియంలో నర్సరీవాళ్ల ఇంట పుట్టింది. తొమ్మిదేళ్ల వయసులో వాళ్ల నాన్న చేతికి అంటు కత్తి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఎన్ని మామిళ్లకి, ఎన్ని జామలకి అంటు కట్టిందో ఆవిడకే గుర్తు లేదు. ఇప్పుడా మేడ మీద యాభై మూడు కుండీలున్నాయి. గులాబ్‌జామూన్ పండు, డ్రాగన్ పండు, మల్బరీ, గజనిమ్మ, తైవాన్ జామ, మూడు రకాల కరివేపాకు. మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో ఆవిడ మాటంటే మాటే. 'హైమవతి గారూ, ఆకు ముడుచుకుపోతోంది' అని ఫోటో పెడితే చాలు, రెండు నిమిషాల్లో తప్పెక్కడుందో చెప్పేస్తుంది. తప్పు చెప్పడంలో ఆవిడకి ఆలస్యం ఉండదు.

అలాంటి మనిషి పక్కన, టీ పిప్పి, బియ్యం కడిగిన నీళ్లు తప్ప వేరే ఎరువు పేరు తెలియని బతూల్ చెట్టు అలా కాయడమా! చెట్టు మనుషుల్ని లెక్కపెట్టడం మీద హైమవతికి ఏ అభ్యంతరమూ లేదు. ఆవిడ బాధంతా ఇంకొకటి.

"సపోటా చెట్టు మీద పండదండీ," అంటుంది భర్తతో, కాఫీ గ్లాసు బల్ల మీద టక్కున పెడుతూ. "కాయ కోసి బియ్యంలో పెడితే నాలుగు రోజులకి పండాలి. చెట్టు మీదే పండటం పద్ధతి కాదు."

అచ్యుతరావు పేపరు దించకుండానే, "ఆ పద్ధతి దానికి ఎవరూ చెప్పలేదేమో," అంటాడు. బేగంపేటలో ఇన్సూరెన్స్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఎక్కడ ఊరుకోవాలో తెలుసు, కానీ ఊరుకోడు.

ఈర్ష్య అంటే ఈర్ష్యే. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. అయితే అది కాయల మీద ఈర్ష్య అనుకుంటే పొరపాటు. అవతలి గిన్నెలో రోజూ పడే పళ్లలో ఒకటి హైమవతి కోడలిది.

కోడలు దివ్యశ్రీ. కొడుకు వివేక్‌కి పెళ్లయి ఏడాదిన్నర. దివ్యశ్రీ ఆఫీసు నుంచి మెట్రోలో వచ్చి, స్టేషన్ మెట్లు దిగి, సందులోకి తిరిగితే ముందు బతూల్ ఇల్లే తగులుతుంది. లోపలికెళ్తుంది. కూర్చుంటుంది. ముప్పావు గంట తర్వాత సొంతింటి గుమ్మం ఎక్కి, "నేను తినేశానత్తయ్యా," అంటుంది. హైమవతి వేడిగా ఉంచిన కూర మీద మూత అలాగే ఉండిపోతుంది. అక్కడ బతూల్‌ని పిన్నీ అని పిలిచినట్టు 'ఖాలా, ఖాలా' అంటూ గలగలా నవ్విన పిల్ల ఇక్కడికొచ్చేసరికి పరీక్ష హాల్లోకి వచ్చినట్టు అయిపోతుందెందుకో ఆవిడకి అర్థం కాదు.

ఒక్కటి మాత్రం గుర్తుంది. పెళ్లయిన కొత్తలో దివ్యశ్రీ బంగినపల్లి పండు తిని, టెంకని ఒక ఖాళీ కుండీలో పాతింది. అది మొలిచింది. ఎర్రటి లేతాకులు రెండు వచ్చాయి. పిల్ల ఫోటోలు కూడా తీసుకుంది. వారం తిరక్కుండా హైమవతి దాన్ని పీకి చెత్తబుట్టలో పడేసి, ఆ కుండీలో అంటు నిమ్మ పెట్టింది. "టెంక మొక్కకి తల్లి గుణం రాదమ్మా. పదేళ్లు చాకిరీ చేసినా కాయ పుల్లగానే ఉంటుంది," అని వివరంగా, శాస్త్రప్రకారం చెప్పింది కూడా. దివ్యశ్రీ "అవునా అత్తయ్యా," అంది. అంతే. ఆవిడ చెప్పిన దాంట్లో తప్పేం లేదు మరి.

జూన్‌లో మొదటి వానలు పడ్డ మర్నాడు హైమవతి పిట్టగోడ దగ్గరికొచ్చి నిలబడింది.

"బతూల్ గారూ, మీ సపోటాకి ఒక అంటు కట్టుకుంటాను. మీకేం ఇబ్బంది లేకపోతే."

"అయ్యో, అడగాల్నా బహెన్?" అంది బతూల్. "ఒకటేంది, పది కట్టుకో. గీ చెట్టు మా అత్త తిని పారేసిన గింజ. అందరిదీ."

ఆ మాట మెత్తగా ఉండటం కూడా హైమవతికి నచ్చలేదు. కాస్త గీరగా అని ఉంటే బాగుండేది.

కడియం నుంచి తమ్ముడు బుల్లబ్బాయి పార్సిల్ బస్సులో పాల మొక్క పంపాడు. సపోటా అంటుకి వేరు పాల మొక్కదే కావాలి. మామిడిలా పుల్ల కోసుకొచ్చి కట్టేస్తే సపోటా వినదు. పాల మొక్కని కుండీతో సహా తల్లి చెట్టు దగ్గరికే తీసుకెళ్లాలి. తల్లి కొమ్మనీ, మొక్క కాండాన్నీ ఒకవైపు చెక్కి, చెక్కిన ముఖాలు రెండూ ఆనించి, గట్టిగా కట్టాలి. రెండూ తమ తమ వేళ్ల మీదే బతుకుతూ మూడు నెలల్లో అతుక్కుంటాయి. అప్పుడు అతుకు కింద తల్లి కొమ్మని కోసేసి కుండీ ఇంటికి తెచ్చుకోవచ్చు. హైమవతి కుండీని పిట్టగోడ మీద పెట్టి, ఇటుకలతో ఒత్తి, సపోటా కొమ్మని వంచి కట్టింది. చెక్కిన చోట పాలు కారి వేళ్లకి అంటుకున్నాయి. ఒకసారి చూస్తే అతుకు కుదిరిందని ఆవిడకి తెలిసిపోయింది.

మూడు నెలల తర్వాత ఆ చెట్టు తన మేడ మీద ఉంటుంది. తన ఇంటికొచ్చేవాళ్లని లెక్కపెడుతుంది. లెక్కపెట్టాలంటే రావాలి కదా, వస్తారు. ఆవిడ ఆలోచన అదీ.

ఆగస్టులో ఒక సాయంత్రం అంటుకి నీళ్లు పోయడానికి వెళ్లినప్పుడు, గోడకి అవతల దివ్యశ్రీ గొంతు వినిపించింది. సపోటా నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఆకుల చాటున హైమవతి వాళ్లకి కనిపించలేదు.

"మియాపూర్‌లో ఫ్లాట్ చూశాం ఖాలా. మెట్రో పక్కనే. వివేక్‌కి కూడా నచ్చింది. ఎల్లుండి ఆఫీసు అయ్యాక ఇంకోసారి వెళ్లి చూసి ఖాయం చేస్తాం. ఆ రోజు మీ దగ్గరికి రాను."

"మీ అత్తకి చెప్పినవా?"

"ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఏం చెప్పినా అందులో తప్పు చూపిస్తారు. వెళ్తే ఇదిగో, దీన్ని తీసుకెళ్తా."

హైమవతి ఆకులు పక్కకి తప్పించి చూసింది. దివ్యశ్రీ పాదాల దగ్గర తెల్ల పెయింట్ బకెట్‌లో మోకాలెత్తు మామిడి మొక్క ఉంది. టెంక మొక్క. చెత్తబుట్టలోంచి తీసి, తెచ్చి, ఏడాదికి పైగా బతూల్ ఇంట్లో పెంచుకుందన్నమాట. ఎర్రటి చిగురు తొడిగి మరీ ఉంది.

ఇల్లు వదిలి వెళ్లిపోతోందన్న మాట కన్నా ఆ బకెట్ ఎక్కువ కాల్చింది ఆవిడని. నా ఇంట్లో చోటు లేనిదానికి ఇక్కడ చోటు దొరికిందా? నాకు చెప్పని సంగతులు ఈవిడకి చెబుతారా? నేనేం పెట్టలేదని? ఎవరికి తక్కువ చేశానని? కడుపులో మంట అంటారు గానీ ఆవిడకి అరచేతుల్లో పుట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బతూల్ కుటుంబమంతా ఎర్రగడ్డలో పెళ్లికి వెళ్లింది. హైమవతి స్టూలేసుకుని పిట్టగోడ దాటింది. చేతిలో నాన్న ఇచ్చిన అంటు కత్తి ఉంది.

డ్రమ్ము అంచు కింద, మట్టికి కాస్త పైన, చెట్టు మొదలు చుట్టూ మూడు వేళ్ల వెడల్పున గాటు పెట్టి, బెరడుని ఉంగరంలా ఒలిచేసింది. గాలి అంటు కట్టేటప్పుడు కొమ్మకి చేసే పనే అది. కొమ్మకి చేస్తే కొత్త వేళ్లు పుడతాయి. మొదలుకి చేస్తే చెట్టు చస్తుంది. ఆకులు వండిన తిండి వేళ్లకి దిగదు. కొన్ని నెలలు పచ్చగానే కనిపిస్తుంది, లోపల వేళ్లు ఎండుతాయి, తర్వాతెప్పుడో ఒక రోజున ఆకులు వేలాడేస్తుంది. ఎందుకు చచ్చిందో ఎవరికీ తెలియదు. ఈలోగా తన అంటు తన మేడ మీదికి వచ్చేస్తుంది. సందు మొత్తానికి లెక్క తెలిసిన చెట్టు ఒక్కటే మిగులుతుంది.

పాలు కారాయి. అనుకున్నదానికన్నా ఎక్కువ కారాయి. కొంగుతో తుడిచింది, మళ్లీ కారాయి. తడి మట్టి తీసి గాయం కనపడకుండా కప్పి ఇంటికొచ్చేసింది. సబ్బుతో మూడుసార్లు కడిగినా వేళ్ల జిగురు పోలేదు.

ఆ రాత్రి కొడుకూ కోడలూ ఏమీ చెప్పలేదు. పొద్దున హైమవతి పైపు పట్టుకుని చెవులు అప్పగించి నిలబడింది.

"ఏక్," అంది బతూల్.

తర్వాత మాట లేదు. చెట్టు చుట్టూ ఇంకోసారి తిరిగిన అడుగుల చప్పుడు.

"ఒక్కటే ఉన్నది బహెన్," అంది గోడ మీదుగా. "ఎన్నడూ గిట్ల కాలే. పెళ్లిల అందరినీ నిన్ననే కలిస్తిమి, అందుకే ఎవ్వరొస్తలేరేమో. మరి ఆ ఒక్కరు ఎవరో?"

"ఎవరో వస్తార్లెండి," అంది హైమవతి. అప్పుడే పని మొదలైందని మనసులో ఎగిరి గంతేసింది. రోజుకొకటి తగ్గుతూ, ఆఖరికి ఏమీ ఉండదు.

రెండిళ్ల వంటింటి కిటికీలు ఎదురెదురుగా ఉంటాయి. ముందు వైపు గోడ ఒకటే అయినా, వెనక మాత్రం రెంటికీ మధ్య చెయ్యి చాపేంత ఖాళీ. పదింటికి సాబిర్ గొంతు వినిపించింది. పంజాగుట్టలో సూట్‌కేసులూ బ్యాగులూ బాగుచేసే షాపుంది అతనికి.

"షుగర్ గోలీ ఏసుకున్నవ్. తినకుంటే ఎట్ల?"

"ఒక్కరు రావాలె."

"వచ్చినంక మళ్ల తిందువు గానీ."

"ఎన్నడన్నా తిన్ననా గట్ల? లెక్కలున్నోళ్లు ఒక్కరన్నా తినకముందు నేను ముద్ద ముట్టను. నీకు ఎర్కలేదా?"

సాబిర్ గొణుక్కుంటూ షాపుకి వెళ్లిపోయాడు. నిజమే, బతూల్‌కి ఆ పట్టింపు ఉంది. లెక్కలో ఉన్నవాళ్లు కనీసం ఒక్కరైనా తిన్నాకే తను తింటుంది. రోజూ మధ్యాహ్నంలోపే ఎవరో ఒకరు వచ్చి తింటారు గనక ఇన్నాళ్లూ అది ఎవరికీ ఇబ్బంది కాలేదు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. సందులో చెప్పుల చప్పుడైతే చాలు, హైమవతి తొంగి చూస్తోంది. హాస్టల్ పిల్లలు వెళ్తున్నారు. విజయేందర్ బండి నెట్టుకుంటూ పోయాడు. బతూల్ గుమ్మం ఎవరూ ఎక్కలేదు. ఎవరై ఉంటారు? దివ్యశ్రీ కాదు, ఫ్లాట్ చూడటానికి పోతానంది. తరచూ వచ్చే సాబిర్ అక్క కాదు, ఆవిడ పెళ్లివాళ్లింట్లోనే ఉండిపోయింది. పోనీ పాలవాడు? వాడు కూర్చోడు. ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ వస్తే, చివరికి ఒక్క పేరే మిగిలింది.

తనదే.

పదకొండేళ్లుగా పక్కపక్కన ఉంటున్నారు. పిట్టగోడ మీదుగా మాట్లాడింది, గోడ దాటి కొమ్మలు కట్టింది, నిన్న గోడ దాటి చెయ్యకూడని పనీ చేసింది. వీధి గుమ్మంలోంచి ఆ ఇంట్లోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ ఇంట కూర్చోలేదు. మేడ మీద లెక్క మేడదే, ఇంటి లెక్క ఇంటిదే.

"నేను వెళ్లను," అంది పైకే, ఖాళీ వంటింట్లో.

వెళ్లకపోతే ఏమవుతుంది? చెట్టు లెక్క తప్పుతుంది. ఇన్నేళ్లలో మొదటిసారి తప్పుతుంది. కత్తి కూడా అక్కర్లేదు. తలుపు గడియ పెట్టుకుని సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుంటే చాలు, సందంతా చెప్పుకునే చెట్టు అబద్ధాలకోరు అయిపోతుంది. ఆవిడ నిజంగానే గడియ పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది కూడా. అంత సులువుగా గెలవడం ఆవిడ జీవితంలో ఎప్పుడూ లేదు.

మూడింటికి ఫోన్ మోగింది. దివ్యశ్రీ.

"అత్తయ్యా, ఖాలా ఫోన్ ఎత్తట్లేదు. పొద్దున్నుంచి ఏం తినలేదని సాబిర్ అంకుల్ చెప్పారు. ఆవిడకి షుగర్ పడిపోతుంది. ఒక్కసారి చూస్తారా, ప్లీజ్?"

ఆ క్షణంలో కూడా హైమవతికి ముందు తోచింది ఇదీ: నేను తిన్నానో లేదో అని ఒక్కనాడైనా ఫోన్ చేశావా? తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. అవతలి వంటింట్లో బతూల్ నేల మీద, గోడకి చేరగిలబడి కూర్చుంది. నుదుటి మీద చెమట. ఒళ్లో చేతులు వణుకుతున్నాయి. ఎదురుగా చాప, చాప మీద మూత పెట్టిన పళ్లెం, దాని పక్కన గిన్నెలో ఒకే ఒక్క సపోటా. కళ్లు మాత్రం వీధి గుమ్మం వైపే ఉన్నాయి.

గడియ తీయడం, మెట్లు దిగడం, సందులో పది అడుగులు వేయడం, ఆ ఇంటి గుమ్మం ఎక్కడం, అన్నీ ఒక్క ఊపిరిలో అయిపోయాయి.

"నువ్వేనా బహెన్?" బతూల్ నీరసంగా నవ్వింది. "నేనేమో ఎక్కడెక్కడివాళ్లనో తలుచుకుంటున్న. కూసో. తిను."

"ముందు మీరు తినండి, చెమటలు పడుతున్నాయి."

"నువ్వు ముట్టనిది నేను ముట్టను."

వాదించే టైం కాదని అర్థమై హైమవతి చాప మీద కూర్చుంది. సపోటా తీసి, తొక్కతో సహా సగం కొరికి, మిగతా సగం బతూల్ నోట్లో కుక్కింది. చెట్టు మీద పండిన సపోటాని మొదటిసారి తినడం. బెల్లంలా ఉంది. ఎంత బాగుందో ఒప్పుకోవడం ఆవిడకి అప్పుడు కూడా కష్టంగానే ఉంది. చక్కెర నీళ్లు కలిపి తాగించింది. పావుగంటకి బతూల్ చేతుల వణుకు తగ్గింది.

"మీ చెట్టుని చంపేశాను," అంది హైమవతి.

బతూల్ అర్థం కానట్టు చూసింది.

"నిన్న మీరు పెళ్లికి వెళ్లినప్పుడు మొదలు చుట్టూ బెరడు ఒలిచేశాను. నా కోడలు మీ దగ్గరికొచ్చి కూర్చుంటోందని, మా ఇంట్లో కూర్చోవడం లేదని. ఓర్వలేకపోయాను."

బతూల్ మొహం మీది మెత్తదనమంతా మెల్లగా పోయింది.

"అన్నం తిను," అంది చివరికి. "ఇంటికొచ్చినోళ్లు ఆకలితోటి పోవద్దు. తిన్నంక మాట్లాడత."

ఇద్దరూ తలలు దించుకుని తిన్నారు. చేతులు కడుక్కున్నాక బతూల్ లేచి నిలబడింది.

"ఇప్పుడు విను. గా చెట్టు మా అత్త చేతిది. ఆమె పోయిన సాలుల మొదటిసారి కాసింది. ఆమెని చూడొచ్చినోళ్లందరి లెక్క చెప్పింది. నువ్వు దాని మెడ కోసినవ్. ఇప్పుడైతే నేను మాఫ్ చెయ్య. ఎన్నడన్న చేస్తనో లేదో సుత తెల్వదు. కానీ నీకు పని వచ్చు. పా, చెట్టును బతికియ్యి."

మేడ మీద ఇంకా ఎండ ఉంది. హైమవతి మట్టి తప్పించి గాయం చూసింది. అది తన చేతి పని అని ఎవరికైనా తెలిసిపోయేంత శుభ్రంగా ఉంది, ఒక్క వంకర లేదు. చెట్టుకి అలా బెరడు పోతే ఏం చేయాలో కూడా నాన్నే నేర్పాడు. అదే చెట్టు నుంచి పెన్సిలంత పుల్లలు కోసి, రెండు చివర్లూ చీలగా చెక్కి, గాయానికి కింద బెరడులో ఒక చివర, పైన బెరడులో ఒక చివర దూర్చి వంతెన కట్టాలి. ఆకుల తిండి ఆ పుల్లల మీదుగా వేళ్లకి దిగుతుంది. ఎనిమిది పుల్లలు పెట్టింది. ఒక్కొక్కదాన్నీ బతూల్ వేలితో నొక్కి పట్టుకుంటే హైమవతి ప్లాస్టిక్ రిబ్బన్‌తో కట్టింది, కొవ్వొత్తి కరిగించి మైనం పూసింది. ఒకరి వేళ్లకి అంటిన పాలు ఇంకొకరి వేళ్లకి అంటుకుని జిగురుగా లాగాయి.

"బతుకుతదా?"

"ఇవి పట్టుకుంటే బతుకుతుంది. పట్టుకునేదాకా, ఆ తర్వాత కూడా, ఇంకో వేరు ఆసరా కావాలి." హైమవతి పిట్టగోడ మీది కుండీ వైపు చూసింది. పాల మొక్కకీ సపోటాకీ అతుకు ఇంచుమించు కలిసిపోయింది. ఆ ఇంటి చెట్టుని ఇప్పుడు నిలబెట్టగలిగింది తన కుండీలోని వేరే. "నా అంటు కొయ్యను. ఎప్పటికీ కొయ్యకూడదు. అదక్కడే ఉండాలి."

బతూల్ తల ఊపింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

తర్వాత పంతొమ్మిది రోజులు బతూల్ ఆవిడతో మాట్లాడలేదు. అయినా హైమవతి రోజూ సాయంత్రం వీధి గుమ్మంలోంచి వెళ్లింది, వంతెనలు చూసింది, వచ్చేటప్పుడు వంటింట్లో కూర్చుని మంచినీళ్లు తాగింది. బతూల్ గ్లాసు ముందు పెట్టి మొహం అటు తిప్పుకునేది. పొద్దున గోడవతల లెక్క వినిపించినప్పుడు అందులో ఒకటి తనదని హైమవతికి తెలుసు. సిగ్గుపడాల్సిన సంగతే గానీ, అందుకు సంతోషంగా కూడా ఉండేది. ఇరవయ్యో రోజున ఆరు పుల్లలు పచ్చగా చిగురు చూపించాయి. బతూల్ చూసి, "చాయ్ తాగుతవా?" అంది.

అక్టోబరులో వివేక్, దివ్యశ్రీ మియాపూర్ వెళ్లిపోయారు. చెప్పడానికి ఇద్దరూ తడబడుతుంటే, "నాకు తెలుసు. వెళ్లండి," అంది హైమవతి. యాభై మూడు కుండీల్లో ఏవి కావాలంటే అవి తీసుకెళ్లమంది. దివ్యశ్రీ పక్క మేడ మీదికెళ్లి తెల్ల పెయింట్ బకెట్ ఒక్కటీ తెచ్చుకుంది. హైమవతి దాన్ని చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ అలా ఊరుకోవడం చూసి అచ్యుతరావు కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఆటో వెళ్లిపోయాక ఆవిడ పైకెళ్లి, గజనిమ్మ పక్కన కూర్చుని కాసేపు ఏడ్చింది.

పాల మొక్కకి కుండీ చాలడం లేదని పెద్ద డ్రమ్ము తెచ్చారు. దానికి చోటు కోసం సాబిర్ పిట్టగోడలో నాలుగు వరసల ఇటుకలు తీసేయించాడు. సపోటా కొమ్మ ఒకటి హైమవతి మేడ మీదికి వాలి, గుబురుగా అయింది. కాయలూ పట్టాయి, గానీ ఒక్కటీ పండలేదు. రాయిలా ఉండేవి. ఆవిడ కోసి బియ్యంలో పెట్టుకోవచ్చు. పెట్టలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, అవతల "చే" దాకా లెక్క వినిపించింది. హైమవతి అలవాటుగా తన కొమ్మ వైపు చూసింది. చేయి వేసింది. ఒక సపోటా ఊడి అరచేతిలో పడింది.

ఆవిడ పండుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"లెక్క చెప్పవా బహెన్?" అంది గోడ సందులోంచి బతూల్.

"ఏక్," అంది హైమవతి. అరచేతిలోని పండుకే చెప్పినట్టుంది.

"జర గట్టిగ చెప్పు. ఇనబడలే."

"ఏక్!"

అవతల ఆరు, ఇవతల ఒకటి. అయితేనేం, తనది కాస్త పెద్దదని కంటితోనే కొలుచుకుని మరీ కిందికి దిగింది. ముద్దపప్పు, గుత్తివంకాయ, పెరుగు. అచ్యుతరావుకి వడ్డించింది గానీ తను ముట్టలేదు. ఎవరండీ వచ్చేది, అని ఆయన్ని నాలుగుసార్లు అడిగింది. ఆయనకేం తెలుసు.

ఒంటిగంటన్నరకి కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో దివ్యశ్రీ, చేతుల్లో తెల్ల పెయింట్ బకెట్. మామిడి ఆకులు అంచుల్లో మాడిపోయి, ముడుచుకుని ఉన్నాయి.

"వివేక్‌కి ఆఫీసు పని పడింది, నేనొక్కదాన్నే వచ్చాను," అంది. "ఇది చచ్చిపోయేలా ఉంది అత్తయ్యా. మిద్దె తోటల గ్రూపులో అడుగుదామనుకున్నా. తర్వాత మిమ్మల్నే అడుగుదామనిపించింది."

హైమవతి బకెట్ అందుకుంది. చెట్టు బయటి నుంచి వచ్చేవాళ్లనే లెక్కపెడుతుంది. ఈ పిల్ల ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ ఇంటి లెక్కలోకి రాలేదు. వెళ్లిపోయింది గనకే ఇవాళ వచ్చింది. అది తెలిసి ఆవిడకి ఒక పక్క నొప్పీ, ఒక పక్క ఆనందమూ, దేనికి ముందు చోటివ్వాలో తోచలేదు.

బకెట్‌లో తప్పులు చూడగానే కనిపించాయి. అడుగున చిల్లు లేదు. మట్టి గట్టిపడింది. నీళ్లు ఎక్కువయ్యాయి. మూడు మాటలూ నాలుక చివరిదాకా వచ్చి ఆగాయి.

"ముందు లోపలికి రా. కూర్చో," అంది.

దివ్యశ్రీ కూర్చుంది. హైమవతి సపోటా రెండుగా చీల్చి గింజ తీసి పెట్టింది, తర్వాత అన్నం వడ్డించింది. దివ్యశ్రీ రెండు ముద్దలు తిన్నాక ఎదుటి ఖాళీ పళ్లెం చూసింది.

"మీరింకా తినలేదా అత్తయ్యా? టైం రెండవుతోంది."

"నువ్వు రాకుండా ఎలా తింటాను?"

దివ్యశ్రీ ఎడం చేత్తో ఆ పళ్లెం దగ్గరికి లాగి, గరిటెతో తనే అన్నం వడ్డించింది.

భోజనాలయ్యాక ఇద్దరూ బకెట్‌ని మేడ మీదికి మోశారు. హైమవతి దాని పక్కన గొంతుక్కూర్చుని కత్తి, మట్టి, కొత్త కుండీ అన్నీ దగ్గర పెట్టుకుంది. చెయ్యి ముందుకు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ముట్టుకోనా?" అని అడిగింది.